పని మీద ఇష్టం కడుపు నింపదు

శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తి దువ్వడానికి వాడేది వాలుగ చేప దవడ ఎముక. దాని సన్నని పళ్లతో కొండపత్తిని ఓపిగ్గా దువ్వి, ఏకులు చేసి, దుమ్ము పడకుండా ఎండిన అరటి దొప్పలో దాచి, రాట్నం మీద 100 నంబరు నూలు తీస్తారు అక్కడి ఆడవాళ్లు. ఆ నూలుతో నేసేదే గాంధీజీ మెచ్చిన ఖద్దరు. చేసే పని నచ్చితేనే నాణ్యత వస్తుందనడానికి వేరే రుజువెందుకు? చిరాకులో ఉన్న చేతికి అంత సన్నని పోగు తెగకుండా సాగదు. అయితే ఆ ఇష్టాన్నే సాకుగా చూపి తక్కువ కూలితో సరిపెట్టడం అన్యాయం. పొద్దస్తమానం వడికినా ఇల్లు గడవకపోతే, నడుంనొప్పికి మందు కొనుక్కోలేకపోతే, ఇష్టం ఎన్నాళ్లు నిలుస్తుంది? అందుకే వాళ్ల పిల్లలు రాట్నం ముట్టకుండా పైడిభీమవరం ఫ్యాక్టరీలకో, విశాఖకో బస్సెక్కుతున్నారు. వడికేవాళ్లు తగ్గితే నూలు తగ్గుతుంది, నూలు లేకపోతే మగ్గం ఆగిపోతుంది. పలాస జీడిపప్పు బట్టీలకైనా, విజయనగరం జూట్ మిల్లులకైనా ఇదే వర్తిస్తుంది. మనిషి కుదుటపడితేనే ఉత్పత్తి కుదుటపడుతుంది. పొందూరు పేరు నిలబడాలని ప్రభుత్వం నిజంగా కోరుకుంటే, ముందు చిలప నూలుకిచ్చే కూలి పెంచాలి, వడికే ప్రతి మనిషికీ ఆరోగ్య భరోసా కల్పించాలి.