ఎముకలో కలిసే గాజు... అడగాల్సిన ప్రశ్నలు

విరిగిన ఎముక చాలావరకు తనంతట తానే అతుక్కుంటుంది. కానీ ప్రమాదంలో ఎముక నుజ్జయినా, గడ్డ తీసిన చోట గుంత పడినా ఆ ఖాళీని పూడ్చాలి. రోగి తుంటి ఎముక నుంచే కొంత తీసి పెట్టడం ఇప్పటికీ మేలైన పద్ధతి. కాకపోతే అందుకు ఇంకో కోత, ఇంకో నొప్పి. పైగా దొరికేది కొంచెమే.

ఆ కొరత తీర్చేవాటిలో సిలికేట్ బయోసెరామిక్స్ ఒకటి. 1969లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ బయోగ్లాస్‌ను రూపొందించారు. కిటికీ గాజులో సిలికా 70 శాతం పైచిలుకు ఉంటే, ఇందులో 45 శాతమే. అందుకే ఒంట్లోని ద్రవాలు తగలగానే మెల్లగా కరుగుతుంది. పైన ఎముక ఖనిజాన్ని పోలిన పొర ఏర్పడి, దాన్ని పట్టుకుని కొత్త ఎముక పెరుగుతుంది. మన దేశంలోనూ తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ, కోల్‌కతాలోని కేంద్ర గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ ఇలాంటి పదార్థాలపై పనిచేస్తున్నాయి.

అలాగని ఇదేమీ సంజీవని కాదు. ఎంతైనా గాజు గాజే, పెళుసు. గుళికలుగానో ముద్దగానో గుంతలో నింపుతారు తప్ప తొడ ఎముక బరువును ఇది ఒక్కటే మోయలేదు. ఆ భారం ప్లేట్లు, రాడ్లదే. అదుపులో లేని షుగర్, పొగతాగే అలవాటు ఉంటే ఏ పదార్థం పెట్టినా ఎముక అతుక్కోవడం ఆలస్యమవుతుంది.

చిక్కంతా ఆసుపత్రి బిల్లు దగ్గరే. కాల్షియం ఫాస్ఫేట్, కాల్షియం సల్ఫేట్, బయోగ్లాస్... ఏది వాడినా 'బోన్ గ్రాఫ్ట్' అని ఒక్క ముక్క రాస్తే ఇంటివాళ్లకు ఏం తెలుస్తుంది? కేంద్రం 2017లో మోకాలి మార్పిడి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధరలు నిర్ణయించింది. ఎముక పూరకాల విషయంలోనూ పదార్థం పేరు, తయారీ సంస్థ, ధర ముందే రాసివ్వడాన్ని తప్పనిసరి చేయాలి.

అప్పటిదాకా సంతకం పెట్టే ముందు మనమే అడగాలి. ఇది నిజంగా అవసరమా? సొంత ఎముక సరిపోదా? పెట్టేది ఏ పదార్థం, ఎంత ధర? ప్యాకెట్‌పై ఉన్న స్టిక్కర్‌ను కేస్‌షీట్‌లో అతికిస్తారా? ఇవి డాక్టరును శంకించే ప్రశ్నలు కావు. మన ఒంట్లోకి ఏం వెళ్తోందో తెలుసుకునే హక్కు.