బాలింత కుక్కకు పెరట్లో చోటు

కుక్క ప్రస్తావన రాగానే మన ఇళ్లలో రెండు హదీసులు గుర్తుకు వస్తాయి. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు ప్రవేశించరన్నది ఒకటి. దాహంతో అల్లాడుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీరు నింపి తెచ్చి తాగించిన వ్యక్తిని అల్లాహ్ క్షమించాడన్నది రెండోది. రెండూ ప్రామాణిక గ్రంథాల్లోనివే. మొదటిదాన్ని గుమ్మం దగ్గర జ్ఞాపకం చేసుకుంటాం. రెండోదాన్ని జుమా ప్రసంగంలో విని తలలూపుతాం. రెంటినీ ఒకేసారి పాటించవలసిన అవసరం గత చలికాలంలో మా ఇంటికి వచ్చింది.

మన ప్రాంతంలో వీధి కుక్కలు ఎక్కువగా వానలు వెనకబట్టాక చూలు కట్టి, చలికాలంలో ఈనుతాయి. అలాంటి ఒక కుక్కను మోటారు సైకిలు గుద్దితే మా వీధి కుర్రాళ్లు పశువైద్యుని వద్దకు మోసుకుపోయారు. కాలికి కట్టు కట్టిన ఆయన పొట్ట తడిమి చూసి, పది రోజుల్లో ఈనుతుందనీ, కూనలు పెద్దవయ్యేదాకా ఎవరింట్లోనైనా ఉంచమనీ చెప్పారు. అద్దె గదుల్లో ఉండే ఆ పిల్లలు నాలుగిళ్లు తిరిగి మా తలుపు తట్టారు.

మా పిల్లల దాదీ ఒప్పుకోలేదు. జానమాజు, వుజూ చెంబు, ఐదు పూటల శుద్ధి ఇవన్నీ నలభై ఏళ్లుగా తన పూచీ మీద నడిపిన మనిషి ఆమె. ఆ అభ్యంతరాన్ని తోసేసి కుక్కను లోపలికి తేవడం మాకు ఇష్టం లేదు. అందువల్ల మొహల్లా మసీదు మౌలానాను అడిగాం.

ఆయన ముందు హద్దులు చెప్పారు. వేట, పశువుల కాపలా, పొలం కాపలా తప్ప ఊరికే కుక్కను పెంచేవాని పుణ్యఫలం రోజూ తరుగుతుందని హదీసు. అయితే గాయపడిన ప్రాణికి కొన్నాళ్లు ఇంటి వెలుపల నీడ ఇవ్వడం పెంపకం కిందికి రాదని ఆయన అభిప్రాయం. శుద్ధి విషయంలో మస్లకుల మధ్య తేడా ఉంది. మన తెలుగు ముస్లిములలో అధిక సంఖ్యాకులు అనుసరించే హనఫీ మస్లకులో కుక్క లాలాజలం అపరిశుద్ధం. పొడి వెంట్రుకలు బట్టకు తగిలితే బట్ట చెడదు. హైదరాబాదు బార్కస్‌లో వలె షాఫయీ మస్లకు పాటించేవారికి నియమం ఇంకా కఠినం. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో కడగాలని హదీసు. దాని గిన్నెలు దానికి విడిగా ఉంటే ఈ లెక్క వంటింటి దాకా రానే రాదు.

తరువాత మౌలానా దాదీ వైపు తిరిగి ఒక ఉదంతం చెప్పారు. హిజ్రీ 8వ సంవత్సరం రమజానులో దైవప్రవక్త (స) సేనతో మక్కా వైపు సాగుతున్నారు. అర్జ్ అనే చోటు దాటాక దారిలో ఒక కుక్క కూనలకు పాలిస్తూ గుర్రుమంటోంది. జుఅయిల్ బిన్ సురాఖా అనే సహచరుణ్ణి దాని ఎదుట కాపలా నిలిపి, సైన్యంలో ఎవరూ దానినీ దాని పిల్లలనూ కదిలించకుండా చూడమన్నారు ప్రవక్త (స). వాఖిదీ రచించిన 'మగాజీ'లో ఇది ఉంది. వాఖిదీ ఉల్లేఖనాలను హదీసువేత్తలు బలహీనంగా ఎంచుతారు. మౌలానా ఆ మాట కూడా దాచలేదు. దాదీకి మాత్రం అది చాలింది. గడప దాటి లోపలికి రాకూడదు, కూనలు పాలు మానగానే పంపేయాలి అని రెండు షరతులు పెట్టారు. గుహవాసుల కుక్క కూడా వాకిట్లోనే ముంగాళ్లు చాచుకుని ఉండేది కదా అని ఆమే అన్నారు.

పెరట్లో కట్టెలు పేర్చే రేకుల కొట్టం ఖాళీ చేశాం. కూనలు బయటికి దొర్లిపోకుండా, తల్లి దాటగలిగే ఎత్తులో చెక్కలు అడ్డం పెట్టి, గోనెల మీద పాత దుప్పట్లు పరిచాం. కొట్టంలోకి వెళ్లడానికి ఒక జత బట్టలు, చెప్పులు విడిగా ఉంచాం. కుక్క చూలు దాదాపు 63 రోజులు. ఈనడానికి ఒక రోజు ముందు దాని ఒంటి వేడి 99 డిగ్రీల ఫారన్‌హీటు కంటే దిగువకు పడుతుందని వైద్యుడు చెప్పి, ఒక థర్మామీటరు ఇచ్చారు. ఎనిమిదో రోజు సాయంత్రం అది తిండి ముట్టలేదు, దుప్పటిని గోళ్లతో గీరుతూ ఉంది. ఇషా తరువాత మొదటి కూన, తెల్లవారేలోగా ఆరు. కూనకూ కూనకూ మధ్య గంట, గంటన్నర పట్టినా కంగారు పడవద్దనీ, అరగంట పైగా గట్టిగా ముక్కుతున్నా కూన రాకపోతేనే తనను లేపమనీ వైద్యుడు ముందే చెప్పారు. లేపవలసిన పని పడలేదు. ప్రతి కూననూ అదే నాకి, పొర చింపి, బొడ్డు కొరికింది. మేము చూస్తూ కూర్చున్నామంతే.

పుట్టిన రెండు వారాల దాకా కూనలకు తమ ఒంటి వేడిని తాము నిలుపుకొనే శక్తి ఉండదు. డిసెంబరు చలిలో సీసాల్లో వేడినీరు పోసి, గుడ్డ చుట్టి, ఒక మూలన పెట్టేవాళ్లం. రోజూ ఒకే వేళకు తూచాం. బరువు రోజురోజుకూ పెరగాలి. ఆరోదానికి పెరగలేదు. చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం, ఆ తరువాతే పాలు. అరగని పాలు దానికి ప్రమాదం. ఆవుపాలు పనికిరావు, కుక్కపాలలో ఉండే కొవ్వూ మాంసకృత్తులూ వాటిలో లేవు. కూనల పాలపొడి తెచ్చి, రెండు గంటలకోసారి పట్టాం. మూడో రోజు ఫజర్ వేళ అది పోయింది. తల్లి దానిని పక్కకు నెట్టి తక్కిన ఐదింటి మీదికి ఒరిగింది. మా చిన్నవాడు వేపచెట్టు కింద గుంట తవ్వాడు.

బాలింత కుక్క మామూలు కంటే రెండు మూడింతలు తింటుంది. ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, అన్నం పెట్టాం. దావత్ మిగులు తెచ్చి ఇచ్చే బంధువులకు నచ్చజెప్పడమే కష్టమైంది. ఉడికిన ఎముక ముక్కలైతే పేగును కోస్తుంది. పన్నెండో రోజు కూనలు కళ్లు తెరిచాయి. రెండో వారం నుంచి నులిపురుగుల మందు, ఆరో వారం దాటాక మొదటి టీకా.

ఎనిమిది వారాలు నిండితే గాని తల్లి నుంచి వేరు చేయకూడదు. అప్పటికి అడగవచ్చినవారందరూ మగకూనలనే అడిగారు. మూడు మగవి వారం తిరగకుండా వెళ్లిపోయాయి. ఆడవని తెలియగానే మొహం తిప్పుకునే ఆ తీరు ఎక్కడో విన్నదేనని దాదీ గొణిగారు. మిగిలిన రెంటిలో ఒకటి గొర్రెలమంద కాపలాకు, ఇంకొకటి మామిడితోటకు చేరేసరికి మరో నెల పట్టింది. ఈడుకు రాగానే పిల్లలు కలగని ఆపరేషన్ చేయిస్తామని ఇద్దరి వద్దా మాట తీసుకున్నాం.

తల్లికి పాలు ఇంకిపోయాక మునిసిపాలిటీ కేంద్రంలో ఆపరేషన్, రేబీస్ టీకా చేయించారు కుర్రాళ్లు. ఎక్కడి నుంచి తెచ్చిన కుక్కను అక్కడే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు. చెవి అంచున చిన్న గాటుతో అది మా వీధికే వచ్చింది. వచ్చే ఏడాది టీకా తేదీని దాదీ తన గదిలోని క్యాలెండరు మీద రాయించారు.