రీలా, కార్డా?
వరదొస్తే రెండూ మునుగుతాయి. సూరత్‌కు ఆ సంగతి 2006లోనే తెలిసింది

2006 జనవరిలో నికాన్ కంపెనీ తన ఫిల్మ్ కెమెరాల్లో చాలావాటికి మంగళం పాడింది. మిగిల్చినవి ఎఫ్6, ఎఫ్ఎం10 మాత్రమే. అదే ఏడాది ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు తపతిలోకి దూకింది. సూరత్‌లో అధిక భాగం మునిగింది. ఈ రెండు వార్తలకూ పొంతన లేదనిపిస్తుంది. కానీ కెమెరా మార్చాలా వద్దా అని అందరూ తర్జనభర్జన పడుతున్న ఏడాదిలోనే, తీసిన ఫొటోను దాచడమెలా అన్న ప్రశ్న బురద నీళ్లతో కలిసి ఇళ్లలోకొచ్చింది. టీవీ పోతే మరొకటి కొనొచ్చు. పెళ్లి ఆల్బమ్ ఏ దుకాణంలో దొరుకుతుంది?

ఫిల్మ్‌కు ఇక్కడో వెసులుబాటు ఉంది. ప్రింటు మీద, నెగెటివ్ మీద ఉండేది జెలటిన్ పూత. తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. తడిగా ఉన్నప్పుడే మంచినీళ్లలో మెల్లగా విడదీసి, తుడవకుండా నీడన వేలాడదీస్తే చాలావరకు దక్కుతుంది. అంటుకున్నవాటిని అలాగే ఎండబెడితే మాత్రం బొమ్మ ఊడి పక్క ఫొటోకు అతుక్కుంటుంది. బురదలో మునిగిన హార్డ్ డిస్క్‌కు ఇలాంటి ఇంటి వైద్యం లేదు. ఆరిందో లేదో చూద్దామని కరెంటు పెడితే ఉన్న ఆశా పోతుంది.

అంతమాత్రాన రీలుకే ఓటేయనక్కర్లేదు. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో ఉండేది వెండి. జరీకి పేరుబడ్డ సూరత్‌కు ఆ లోహం గట్టితనమూ తెలుసు, గాలి తగిలితే నల్లబడే గుణమూ తెలుసు. కలర్ ఫొటోలో ఉండేవి రంగులే. అవి వెలుతురుకు, వేడికి వెలిసిపోతాయి. తేమ పడితే నెగెటివ్‌కు బూజు. పైగా రీలు తయారుచేసేవాళ్లు తగ్గిపోయారు. కొడాక్ 2009లో కొడాక్రోమ్‌ను ఆపేసింది, 2012లో దివాలా రక్షణ కోరింది. ‘ఇందు’ ఫిల్మ్ తయారుచేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కూడా మూతపడింది. నికాన్ ఎఫ్6 తయారీ 2020లో ఆగింది. ఎఫ్ఎం10 షట్టర్ బ్యాటరీ లేకున్నా పనిచేస్తుంది, నిజమే. అందులో వేసే రీలుకు డబ్బు, కడిగే ల్యాబుకు వెతుకులాట తప్పవు.

డిజిటల్‌కు మతిమరుపు జబ్బు. 2002లో ఒలింపస్, ఫ్యూజీ తెచ్చిన ఎక్స్‌డీ కార్డును చదివే రీడరు కోసం ఇప్పుడు వెతుక్కోవాలి. ఇంట్లో కాల్చిన సీడీలో ఉండేదీ రంగే, అదీ చెడుతుంది. హైదరాబాద్ నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించారు. ఆయన గాజు నెగెటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. వెలుతురుకెదురుగా పెడితే చాలు, బొమ్మ కనిపిస్తుంది. ఫైలుకు ఆ భాగ్యం లేదు.

అయినా తీయడానికి డిజిటలే. 1984 భోపాల్ విషాదాన్ని ఫిల్మ్‌పై బంధించిన రఘు రాయ్ అంతటివారే 2003లో నికాన్ డి100 చేతపట్టాక వెనక్కి వెళ్లలేదు. ఫైలుకున్న అసలు బలం నకలు. పదిసార్లు తీసినా మొదటిదానికీ చివరిదానికీ తేడా ఉండదు, నెగెటివ్ మాత్రం ఒక్కటే. కాకపోతే రెండు నకళ్లూ ఒకే బీరువాలో ఉంటే ఒకటున్నట్టే లెక్క.

ఈ విషయంలో సూరత్ తెలుగువారికి దూరమే వరం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మరమగ్గాల పనికొచ్చి లింబాయత్ పరిసరాల్లో స్థిరపడ్డ కుటుంబాలకు వానాకాలంలో మీఠీ ఖాడీ భయం ఉండనే ఉంది. సొంతూళ్లో అన్నదమ్ముల ఇల్లూ ఉంటుంది. దసరాకు ఊరెళ్లే సంచిలో ఒక చిన్న హార్డ్ డిస్క్‌కు చోటు దొరక్కపోదు. ఏడాదికోసారి దాన్ని తెరిచి చూసి, నాలుగైదేళ్లకు కొత్తదానిలోకి మార్చాలి. ముఖ్యమైన పాతిక ఫొటోలు ప్రింటు వేయించి, వెనక పేర్లు, తేదీ మెత్తని పెన్సిల్‌తో రాయాలి. బాల్‌పెన్ను ఒత్తి రాస్తే ఆ గీత ముందువైపు అమ్మమ్మ ముఖం మీద తేలుతుంది.