కోయతా కూలీల లెక్క వేరు

సంపాదకులకు,

దేశాలు తిరుగుతూ సీజన్‌లో పొలం పని చేసుకోవచ్చంటూ మీరు వేసిన వ్యాసం, సూరత్ జిల్లా చెరకు కోతనూ ఆ కోవలోనే కలిపేసింది. ఇది తప్పు. బార్డోలీ, మఢీ వైపు చెరకు కొట్టేవాళ్లు పని వెతుక్కుంటూ రారు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు ముకద్దం, అంటే కూలీలను కుదిర్చే మేస్త్రీ, డాంగ్స్, ఖాందేశ్ ఊళ్లకు వెళ్లి అడ్వాన్సు చేతిలో పెడతాడు. దసరా దాటాక ఆలుమగలు కలిసి వచ్చి కొట్టాలి. లెక్కలో ఆ ఇద్దరూ ఒక్క ‘కోయతా’, అంటే ఒక్క కత్తి. కూలి టన్నుల మీద. లారీ అర్ధరాత్రి వచ్చినా లేచి మోపులెత్తాలి. వేసవిలో లెక్క తేల్చేటప్పుడు అడ్వాన్సును వడ్డీతో సహా పట్టుకుంటారు. అడ్వాన్సులిచ్చి కూలీలను వలస తీసుకెళ్లే పాలమూరు మేస్త్రీలను ఎరిగిన మనవాళ్లకు ఇది కొత్తా?

చెరకు కోతకు స్థానికులు దొరకరన్న మాటా నిలవదు. ఇక్కడి ఆదివాసీలైన హల్పతి కూలీలు ఉన్నారు. కానీ పొద్దుగూకితే ఇంటికి పోయేవాళ్లు కాదు, పొలం పక్కన ప్లాస్టిక్ గుడారంలో ఏ వేళ పిలిచినా లేచేవాళ్లు కావాలి చక్కెర ఫ్యాక్టరీలకు. రాష్ట్రం దాటి వచ్చే వలస కూలీలకు రానూపోనూ ఛార్జీలు కాంట్రాక్టరే ఇవ్వాలని 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఆనాడే చెప్పింది. వ్యాసంలో దాని ఊసే లేదు. వచ్చే సంచికలో సవరణ వేయండి.

– ఒక మరమగ్గాల కార్మికుడు, లింబాయత్, సూరత్