గోడలోని కేబుల్‌కి టెస్టింగ్ అక్కర్లేదా?

ఆఫీసులో టెస్టింగ్ అవ్వకుండా ఒక్క బిల్డ్ కూడా బయటికి వదలం. అదే దగ్గరుండి సొంతిల్లు కట్టించుకునేటప్పుడు మాత్రం నెట్‌వర్క్ వైరింగంతా ఎలక్ట్రీషియన్ చేతిలో పెట్టి "నువ్వే చూసుకో బాబూ" అనేస్తాం. ఇదెక్కడి లెక్కో నాకర్థం కాదు!

ఈమధ్య హైదరాబాదులో తెలిసినవాళ్ళ కొత్త ఇళ్ళు కొన్ని చూశాను. కరెంటు తీగలున్న పైపులోనే క్యాట్ 6 కూడా దూర్చేశారు. పోనీ కేబులన్నా మంచిదా? రాగి పూత పూసిన అల్యూమినియం! టెస్టర్లో ఎనిమిది లైట్లూ వెలిగాయి కాబట్టి పనైపోయిందంటాడు కాంట్రాక్టరు. ఆ లైట్లు చెప్పేది తీగలు తెగలేదని, తారుమారు కాలేదని మాత్రమే. స్పీడు సంగతి వాటికేం తెలుసండీ?

అతన్ని తిట్టి లాభం లేదు, మనం అడగందే ఎవరిస్తారు? ముందే కాగితం మీద రాయించుకోండి: అచ్చమైన రాగి కేబుల్, విడిగా పైపు, ప్రతి గది నుంచీ ఒకేచోటికి నేరుగా లైను, ఏదీ 90 మీటర్లు దాటకూడదు, రెండు చివర్లా నంబర్లు, ప్లాస్టరింగ్‌కి ముందు పైపుల ఫోటోలు, పాయింటు పాయింటుకీ టెస్ట్ రిపోర్టు. అది చేతికొచ్చాకే ఆఖరి వాయిదా డబ్బులు.

"వైఫై ఉందిగా" అంటారా? పై అంతస్తులో అది సరిగ్గా అందాలన్నా వెనకాల మంచి కేబుల్ ఉండాల్సిందే.

గోడలకి ప్యాచ్ రిలీజులుండవు మహానుభావులారా!