బలమైన పోకీమాన్ ఏది? ముందు రూలు చెప్పండి

“పోకీమాన్‌లో టాప్ టెన్ ఏవో చెప్పు బాసూ, టీమ్ కట్టుకుంటా” అని ఎవరైనా అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది. అడిగినవాడు సాఫ్ట్‌వేర్ వాడైతే ఇంకా ఎక్కువ. “మంచి డేటాబేస్ ఏది?” అని వాడినే అడిగి చూడండి. “దేనికి? డేటా ఎంత? రీడ్లు ఎక్కువా, రైట్లు ఎక్కువా?” అని పది ఎదురు ప్రశ్నలేస్తాడు. అదే మనిషి ఆట దగ్గరికొచ్చేసరికి ఎవరో చేసిన లిస్టు కాపీ కొట్టి, ఓడిపోతే “లక్కు లేదురా” అంటాడు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక్కొక్కరికి ఆరు జీవాలు, ఒక్కో జీవానికి నాలుగు మూవ్‌లు. ఇద్దరూ ఒకేసారి మూవ్ ఎంచుకుంటారు, స్పీడున్నవాడి దెబ్బ ముందు పడుతుంది. నీళ్ళు నిప్పుని ఆర్పుతాయి, నిప్పు గడ్డిని కాలుస్తుంది, ఇలా 2013 నుంచి మొత్తం 18 టైపులు. ఏ టైపు దెబ్బ ఏ టైపుకి రెట్టింపు తగులుతుందో, దేనికి సగమే తగులుతుందో, దేనికి అసలు తగలదో చెప్పే పట్టిక ఒకటి ఉంది. మిగతాదంతా హెచ్‌పీ, అటాక్, స్పీడ్ లాంటి ఆరు అంకెలు.

అసలు గొడవ ఏంటంటే, మేం ఎనిమిది మందిమి శనివారం రాత్రిళ్ళు పోకీమాన్ షోడౌన్‌లో ఆడుకుంటాం. బ్రౌజర్లో నడిచే ఉచిత సిమ్యులేటర్ అది, 2011 నుంచి ఉంది, కోడ్ కూడా ఓపెన్ సోర్సు. మాలో ఒకడు రెండు నెలలుగా ఎక్కడెక్కడి రెడీమేడ్ టీములో తెచ్చి దింపి అందర్నీ ఊడ్చేస్తున్నాడు. ఇద్దరు రావడం మానేశారు. దాంతో “కాపీ టీములు బ్యాన్ చేద్దాం” అని ఒక వర్గం, “గెలవడం చేతకాక ఏడుస్తున్నారు” అని ఇంకో వర్గం. వాట్సాప్ గ్రూపులో మాటలు కాస్త ముదిరాయి కూడా.

కాపీ మీద బ్యాన్ పెట్టడం శుద్ధ దండగ అని నా అభిప్రాయం. ఎవడు కాపీ కొట్టాడో ఎలా తేలుస్తాం? దానికంటే ప్రతి శనివారం ఏ ఫార్మాట్ ఆడాలో చిట్టీ తీద్దాం. తెచ్చుకునేవాడు ఏ టీమైనా తెచ్చుకోనీ. రూలు మారాక ఆ లిస్టు ఎంతసేపు నిలబడుతుందో చూద్దాం.

ఇన్వర్స్ బ్యాటిల్‌నే తీసుకోండి. 2013లో వచ్చిన ఎక్స్, వై గేముల్లో దారిలో ఒక ట్రైనర్ రోజుకొకసారి ఈ ఆట ఆడేవాడు. టైపు పట్టిక మొత్తం తలకిందులు. రెట్టింపు తగిలేది సగం అవుతుంది, సగం తగిలేదీ అసలు తగలనిదీ రెట్టింపు అవుతాయి. షోడౌన్ కోడ్‌లో ఈ రూలు చూస్తే ముచ్చటేస్తుంది, పట్టుమని పది పదిహేను లైన్లు ఉంటుంది. ఒక మైనస్ గుర్తు, ‘అసలు తగలదు’కి ఒక ఇఫ్, ఫ్రీజ్ డ్రై అనే మూవ్ కోసం ఒక స్పెషల్ కేసు. (స్పెషల్ కేసు లేని కోడ్ ఈ భూమ్మీద ఉందా!) కార్టూన్ చూసినవాళ్ళకి పికాచూ కరెంటు ఓనిక్స్ మీద పనిచేయక, పైనుంచి స్ప్రింక్లర్ల నీళ్ళు పడితే గానీ గట్టెక్కని ఎపిసోడ్ గుర్తుండే ఉంటుంది. ఇన్వర్స్‌లో ఆ నీళ్ళు అక్కర్లేదు, కరెంటే రెట్టింపు తగులుతుంది.

ఇక్కడ లిస్టు రాయుడు ఏం చేస్తాడంటే అలవాటుగా స్టీల్ టైపుని దింపుతాడు. మామూలు ఆటలో స్టీల్ అంటే కోట గోడ. పది టైపుల దెబ్బలు సగమే తగులుతాయి, పాయిజన్ అసలు తగలదు. తలకిందులు చేయండి, ఆ పదకొండూ బలహీనతలే. గోడ కాస్తా జల్లెడ. కొంచెం తెలివైనవాడు ఇంకో పొరపాటు చేస్తాడు. “అన్నీ రివర్సు కదా, పనికిరానివన్నీ తీసుకెళ్దాం” అంటాడు. అలా కుదరదు. తిరగబడింది పట్టిక ఒక్కటే, ఆ ఆరు అంకెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అటాక్ లేని పురుగు ఇన్వర్స్‌లోనూ అటాక్ లేని పురుగే. కాబట్టి వెతకాల్సింది అంకెలు బాగుండీ, ఇన్నాళ్ళూ పట్టిక వల్ల మాత్రమే నష్టపోయినవాటి కోసం.

అలాంటి టైపు ఐస్. మామూలుగా దానికి నాలుగు బలహీనతలు, ఆపగలిగేది ఇంకో ఐస్‌ని మాత్రమే. ఇన్వర్స్‌లో బలహీనత ఐస్ ఒక్కటే, ఫైర్, ఫైటింగ్, రాక్, స్టీల్ నాలుగూ సగమే తగులుతాయి. నాకు ఇంతకంటే నచ్చేది నార్మల్ టైపు. పేరుకి తగ్గట్టే మామూలు ఆటలో దాని దెబ్బ ఎవరికీ రెట్టింపు తగలదు. ఇన్వర్స్‌లో రాక్, స్టీల్, ఘోస్ట్ మూడింటికీ రెట్టింపు, పైగా ఆ దెబ్బని సగానికి తగ్గించే టైపు ఒక్కటీ లేదు! స్నోర్లాక్స్ లాంటి బండమనిషికి బలహీనత ఘోస్ట్ మాత్రమే.

అయితే ఘోస్ట్‌కి నార్మల్ దెబ్బ రెట్టింపు, నార్మల్‌కి ఘోస్ట్ దెబ్బ రెట్టింపు. అంటే వాళ్ళిద్దరూ ఎదురుపడితే స్పీడున్నవాడిదే రాజ్యం, స్నోర్లాక్స్‌కి స్పీడు లేదు. మరి పక్కన ఎవరిని పెట్టాలి? సైకిక్‌ని. ఇన్వర్స్‌లో సైకిక్‌కి ఘోస్ట్, డార్క్, బగ్ దెబ్బలు సగమే తగులుతాయి. సైకిక్‌ని కొట్టేవి ఫైటింగ్, సైకిక్. అందులో ఫైటింగ్ నార్మల్‌కి సగమే తగులుతుంది. ఘోస్ట్ వస్తే సైకిక్‌ని లోపలికి పంపు, ఫైటింగ్ వస్తే నార్మల్‌ని పంపు. మామూలు ఆటలో సైకిక్‌కి ఘోస్ట్ గండం, నార్మల్‌కి ఫైటింగ్ గండం. ఆ గండాలే ఇక్కడ కవచాలయ్యాయి. ఈ జోడీ ఏ టాప్ టెన్‌లో చూసీ నేర్చుకోనక్కర్లేదు, పట్టిక ముందు పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు.

రెండో చిట్టీ లిటిల్ కప్. అందరూ లెవెల్ 5, ఇంకా ఒక్కసారి కూడా రూపం మారని పిల్ల జీవాలు మాత్రమే. చూడ్డానికి బుజ్జి బుజ్జిగా ఉంటుంది గానీ, మన ఇంటీజర్ డివిజన్ పిచ్చోళ్ళకి ఇంతకు మించిన ఆట లేదు. హెచ్‌పీ ఇరవై ప్రాంతంలో ఉంటుంది, లెక్కలో మిగిలిన దశాంశాలన్నీ కత్తిరించేస్తారు. ఆ కత్తిరింపులోనే ఉంది కథంతా. అబ్రా, డిగ్లెట్, వోల్టార్బ్‌ల మూల స్పీడులు వరసగా 90, 95, 100. లెవెల్ 100లో మూడింటినీ పూర్తిగా సానబెడితే 306, 317, 328 వస్తాయి, ఎవరు ముందో ఎవరు వెనకో స్పష్టం. లెవెల్ 5లో అవే 19, 20, 20. డిగ్లెట్, వోల్టార్బ్ సమానమైపోయాయి, ఎవరు ముందన్నది బొమ్మా బొరుసూ. పాపం అబ్రా మాత్రం ఒక్క పాయింటుతో ఇద్దరికీ వెనకపడింది. ఆ ఒక్క పాయింటుకి ప్రాణాలు పోతాయి.

లైఫ్ ఆర్బ్ సంగతి ఇంకా తమాషా. దెబ్బ బలం పెంచి, కొట్టిన ప్రతిసారీ మన గరిష్ఠ హెచ్‌పీలో పదో వంతు తినే ఐటెమ్ అది. హెచ్‌పీ 20 ఉంటే 2 పోతుంది. 19 ఉంటే 1.9, దశాంశం కత్తిరిస్తే 1. అందుకని తెలిసినవాళ్ళు కావాలని హెచ్‌పీ 19 దగ్గర ఆపుతారు. తక్కువ ఆరోగ్యంతో ఎక్కువసేపు బతకడం! బెర్రీ జ్యూస్ అనే ఐటెమ్ 20 హెచ్‌పీ ఇస్తుంది, లెవెల్ 100లో దాన్ని ఎవడూ పట్టించుకోడు. అది చెల్లే తరాల లిటిల్ కప్‌లో మాత్రం చావబోయేవాడికి పూర్తి ప్రాణం పోసినట్టే. అంకె అదే, కొలబద్ద మారింది.

అల్‌మోస్ట్ ఎనీ ఎబిలిటీ అని ఇంకో ఫార్మాట్ ఉంది, దాదాపు ఏ జీవానికైనా దాదాపు ఏ ఎబిలిటీ అయినా తగిలించుకోవచ్చు. ఇక్కడ స్లేకింగ్, రెజిగిగాస్ నిషిద్ధం. ఎందుకో ఆలోచించండి. రెండింటికీ అంకెల మొత్తం 670, అటాక్ 160. అంత బలమున్నా మామూలు ఆటలో ఆడనివ్వడానికి కారణం వాటి ఎబిలిటీలే. స్లేకింగ్ బద్ధకంతో ఒక టర్ను కొట్టి ఒక టర్ను పడుకుంటుంది. రెజిగిగాస్ దిగిన ఐదు టర్నుల దాకా అటాక్, స్పీడ్ సగమే. ఏనుగుకి సంకెళ్ళు వేసి ఊళ్ళోకి తెచ్చారన్నమాట. ఆ సంకెళ్ళు విప్పేయొచ్చు అని రూలు పెట్టాక ఏనుగుని ఊళ్ళో ఉంచలేం కదా.

“బ్యాన్లు పిరికివాళ్ళకి” అని మా రెండో వర్గం అంటుంది. అది తప్పని చెప్పడానికి వండర్ గార్డ్ చాలు. టైపు ప్రకారం రెట్టింపు తగిలే దెబ్బ తప్ప ఇంకే దెబ్బా తగలనివ్వని ఎబిలిటీ అది. ఇచ్చింది షెడింజా అనే పురుగుకి, దాని హెచ్‌పీ ఎప్పుడూ 1, బలహీనతలు ఐదు. కాబట్టి బ్యాలెన్సు సరిపోయింది. ఇప్పుడు దాన్ని స్పిరిటూంబ్‌కో సేబలైకో పెట్టండి. రెండూ ఘోస్ట్, డార్క్ కలిసినవి, 2013లో ఫెయిరీ టైపు వచ్చేదాకా ఆ జంటకి ఒక్క బలహీనతా లేదు. అంటే ఏ దెబ్బా తగలదు, విషంతోనో ఇసుక తుఫానుతోనో చంపాలి. విడివిడిగా టెస్టులు పాసయిన రెండు మాడ్యూళ్ళు ప్రొడక్షన్‌లో కలిసి కొంప ముంచడం అంటే ఇదే. గేమ్ చేసినవాళ్ళకీ ఈ భయం ఉంది, అందుకే స్కిల్ స్వాప్ మూవ్‌తో వండర్ గార్డ్‌ని ఇంకొకరికి అంటగట్టకుండా ముందే కట్టేశారు. హ్యాక్ చేసిన జీవాలతో ఆడే బ్యాలెన్స్‌డ్ హ్యాక్‌మాన్స్‌లో కూడా, అంత విచ్చలవిడి ఆటలో కూడా, వండర్ గార్డ్ నిషిద్ధం. ఒక ఎంపిక ముందు మిగతావన్నీ అర్థం లేనివైపోతే అది తీసేయాలి. ఎవడో ఎక్కువసార్లు గెలుస్తున్నాడని మాత్రం తీసేయకూడదు. మా కాపీవీరుడి విషయంలో నేను చెప్పేదీ అదే.

“మరి 2014లో పచిరిసు?” అంటారు మావాళ్ళు. ఆ ఏడాది వాషింగ్టన్ డీసీలో జరిగిన ప్రపంచ పోటీని కొరియాకి చెందిన సెజున్ పార్క్ గెలిచాడు, టీములో పచిరిసు అనే ఉడత. అంకెల మొత్తం 405, అటాక్ 45. ఇష్టమైన జీవంతో మనసుపెట్టి ఆడితే గెలుపు నీదే అని దాన్నో సినిమా కథ చేసేశారు. అసలు విషయం, ఆ పోటీ డబుల్స్, ఒక్కొక్కరివి ఇద్దరేసి బరిలో ఉంటారు. ఫాలో మీ అనే మూవ్‌తో పక్కవాడి మీదికొచ్చే దెబ్బల్ని ఉడత తన మీదికి లాక్కుంటుంది. వోల్ట్ అబ్జార్బ్ ఉంది కాబట్టి కరెంటు దెబ్బ పడితే ప్రాణం పెరుగుతుంది. ఆ టీములో గ్యారడాస్‌కి కరెంటంటేనే భయం, ఇక చూస్కోండి. సూపర్ ఫ్యాంగ్ ఎదుటివాడి మిగిలిన హెచ్‌పీలో సగం కొరికేస్తుంది, దానికి మన అటాక్ ఎంతైతే ఏంటి? 45 అనే అంకె మీద ఆధారపడకుండా కట్టిన టీమది. అదే ఉడతని మా శనివారం సింగిల్స్‌లో దింపినవాడున్నాడు. కాపాడ్డానికి పక్కన ఎవరూ లేక ఒంటరిగా నిలబడి తన్నులు తింది.

చిట్టీ పద్ధతికి అభ్యంతరాలు రాకపోలేదు. “నీకు టైముంది, పట్టికలు బట్టీ కొడతావు, మాకు డెలివరీలున్నాయి” అని ఒకటి. న్యాయమే. అందుకే ఫార్మాట్ వారం ముందు కాకుండా శనివారం తొమ్మిదింటికి తీసి, టీమ్ కట్టుకోడానికి సరిగ్గా నలభై నిమిషాలు ఇద్దామన్నాను. ఆ నలభై నిమిషాల్లో నెట్‌లో ఏం వెతుక్కున్నా వాడిష్టం. “ర్యాండమ్ బ్యాటిల్ ఆడితే పోలా?” అని ఇంకొకటి. గంటసేపు కాలక్షేపానికి బాగుంటుంది, కానీ టీమ్ కట్టడమే లేని ఆటలో సగం మజా పోయింది కదా.

ఓటింగ్ పెడితే ఐదు, మూడు తేడాతో నెగ్గింది. ఓటేసిన ఐదుగురిలో మానేసిన ఇద్దరూ ఉన్నారు. కాపీవీరుడు కూడా ఉన్నాడు, ఇది మాత్రం నేను ఊహించలేదు. ఎందుకురా అంటే “రెండు నెలల్నించీ ఒకే టీమ్‌తో గెలిచి గెలిచి బోర్ కొడుతోంది” అన్నాడు. మొదటి విడతకి మూడు చిట్టీలు రాసి ఖాళీ బూస్ట్ డబ్బాలో వేశాం: ఇన్వర్స్, లిటిల్ కప్, ఏ ఎబిలిటీ అయినా. డబ్బా మానేసిన ఇద్దరిలో ఒకడింట్లో ఉంది, తీసేది వాళ్ళమ్మగారు.