పోస్టర్ మీద నా తప్పు లెక్క

నిరుడు మా కాలేజీ వనమహోత్సవం పోస్టర్ చేసింది నేనే. "500 మొక్కలు నాటాం, ఏడాదికి 10,000 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గించాం" అని పెద్దక్షరాల్లో రాశాను. చెట్టుకి ఏడాదికి 20 కిలోలు అని నెట్‌లో ఎక్కడో చూసి, 500తో గుణించేశాను. అందరూ లైకులు కొట్టారు, ఒక్కరూ ఎదురు ప్రశ్న వేయలేదు. అలాంటి సంఖ్యలు చెప్పేది ఎదిగిన చెట్ల గురించి. మేం నాటింది మోకాలెత్తు మొక్కల్ని.

ఈ సెమిస్టర్ సెమినార్‌కి లేత కోనిఫర్ల మీద చదివితే గానీ ఆ తప్పు నాకు తట్టలేదు. స్కూల్లో శృంగాకార అడవులు అని చదువుకున్నాం కదా, ఆ పైన్, స్ప్రూస్ చెట్లే ఇవి. మా క్యాంపస్‌లో ఉన్నవి వేపలూ కానుగలే. కానీ స్వీడన్, ఫిన్లాండ్‌లలో రుతువుకీ రుతువుకీ తేడా ఎక్కువ కాబట్టి, మొక్క జమాఖర్చులు అక్కడ బాగా తెలుస్తాయి.

వసంతంలో మంచు కరగగానే నిరుటి సూదాకులు చక్కెర తయారు చేయడం మొదలెడతాయి. మొగ్గలు ఇంకా విచ్చుకోవు కాబట్టి ఖర్చు తక్కువ. మిగిలింది ఆకుల్లోనే పిండిపదార్థంగా పోగవుతుంది. మొగ్గలు విచ్చాక కొత్త చిగుళ్ళు ఆ నిల్వని లాగేసుకుంటాయి. చిగురాకు మొదట్లో తినేదే తప్ప సంపాదించేది కాదు. అచ్చం మనలాగే! కాస్త ముదిరాకే అది మిగతా మొక్కకి పంపడం మొదలుపెడుతుంది.

వేసవి చివర్లో కొమ్మల ఎదుగుదల ఆగుతుంది. అప్పుడు చక్కెరలో ఎక్కువ వాటా కాండానికీ వేర్లకీ పోతుంది. వేర్లని అంటిపెట్టుకున్న శిలీంధ్రాలకి కూడా కొంత ముడుతుంది. బదులుగా అవి నత్రజని, భాస్వరం తెచ్చిస్తాయి. చలి మొదలయ్యాక ఆకుల్లోని పిండిపదార్థం మళ్ళీ చక్కెరలుగా మారుతుంది. చక్కెర ఎక్కువున్న కణాల్లో నీరు తొందరగా గడ్డకట్టదు. నడి చలికాలంలో ఆకుల్లో పిండిపదార్థం దాదాపు ఉండదు. అంటే ఆ పొదుపు మొక్కకి తిండే కాదు, దుప్పటి కూడా.

ఇదంతా ఊహ కాదు. కార్బన్-13 కలిపిన గాలిని మొక్కకి అందించి, కొన్నాళ్ళకి ఆకు, కాండం, వేరు విడివిడిగా పరీక్షిస్తే ఆ కార్బన్ ఎక్కడికి చేరిందో తెలుస్తుంది. స్వీడన్‌లో ఎదిగిన పైన్ చెట్ల మీద ఇంకో ప్రయోగం చేశారు. చుట్టూ బెరడు వలిచి, చక్కెర వేర్లకి దిగకుండా ఆపారు. ఒకటి రెండు నెలల్లోనే నేలలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగానికి పడిపోయింది. 2001లో వచ్చిన ఆ ఫలితాలు చదివాక నాకు అర్థమైంది: చెట్టు పీల్చిన కార్బన్ అంతా చెట్టులో ఉండిపోదు. చాలా భాగం శ్వాసక్రియలో తిరిగి గాలిలోకే పోతుంది.

ఇప్పుడు మా మొక్కల లెక్క చూద్దాం. ఎండబెట్టి తూస్తే మొక్క 100 గ్రాములు అనుకుందాం. అందులో కార్బన్ సుమారు సగం, 50 గ్రాములు. దాన్ని 44/12తో గుణిస్తే 183 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. 500 మొక్కలూ కలిపితే 92 కిలోలు, అదీ పుట్టినప్పటి నుంచీ దాచుకున్నదంతా కలిపి. నేను రాసింది 10,000!

"అయితే మొక్కలు నాటొద్దంటావా?" అని మా రూమ్మేట్ అడిగాడు. నాటాలి. నేను వద్దంటున్నది నాటిన రోజే గొప్పలు చెప్పుకోవడాన్ని. వేపకి మంచు తెలియదు, దాని క్యాలెండర్ వేరు. కానీ ఏ పసిమొక్కకైనా మొదటి ఏళ్ళు ఆకూ వేరూ పెంచుకోవడానికే సరిపోతాయి. అక్కడ చలికాలం పరీక్ష పెడితే, ఇక్కడ మే నెల ఎండ పెడుతుంది. ఆ పరీక్ష టైములో మనం సెలవులకి ఇంటికి పోతాం. మొన్న వెళ్ళి చూస్తే నిరుటి మొక్కల్లో సగం కూడా లేవు. ఎండిపోయిన మొక్క దాచుకున్న ఆ కాస్త కార్బనూ కుళ్ళి గాలిలోకే పోతుంది.

అందుకే ఈసారి పోస్టర్‌లో కిలోలు రాయను. నాటినవెన్ని, మూడో ఏడు బతికున్నవెన్ని, ఆ రెండే రాస్తాను. రెండో సంఖ్య పెరగాలంటే ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు పోసేవాళ్ళు కావాలి. జాబితాలో మొదటి పేరు నాదే. మీ పేరు కూడా ఇవ్వండి.